వేడిమి పోవు దారి

బల్లప్రక్కన నిలుచు కంప్యూటరు కేబినెట్టులోనికి గోడప్లగ్గు నుండి ప్రవేశించు విద్యుచ్ఛక్తి తుదకు ఏమగుచున్నదని ప్రశ్నించినచో, లెక్కలు కట్టుటకును, బొమ్మలు చూపుటకును, ఆటలాడించుటకును వ్యయమగుచున్నదని సాధారణముగా సమాధానము వచ్చును. వ్యవహారమునకు ఇది చాలును గాని భౌతికశాస్త్రము దీనితో తృప్తి చెందదు. నూతిలోని నీటిని మేడమీది తొట్టికి ఎక్కించు మోటారు తాను గ్రహించిన శక్తిలో కొంత భాగమును ఎత్తునకు చేరిన నీటియందు నిలువచేయుచున్నది. కంప్యూటరు అట్లు దేనియందును దేనిని నిలువచేయదు. కోట్లకొలది ట్రాన్సిస్టరులు సెకనుకు కోట్లకొలది పర్యాయములు మూసికొనుచు తెరచికొనుచు చేసిన గణనమునకు ఫలముగా జ్ఞానము లభింపవచ్చును, వినోదము లభింపవచ్చును. శక్తి మాత్రము దాదాపు సంపూర్ణముగా వేడిమియై వెలికి రావలసినదే. 400 వాట్ల విద్యుత్తును గ్రహించు యంత్రము 400 వాట్ల వేడిమిని గదిలోనికి విడుచుచున్నది. ఆ వేడిమి పుట్టినచోటు మొదలుకొని గదిగాలిలో కలియువరకు నడచు దారియే ఈ అధ్యాయమునకు విషయము. ఏలయనగా ప్రాసెసరును దాని నిర్మాతలు నిర్ణయించిన వేగమునకు మించి నడుపగోరువాడు ఏర్చి కూర్చవలసిన సామగ్రి యంతయు ఆ దారిని బట్టియే నిర్ణయమగుచున్నది.

ఓవర్‌క్లాకింగ్ అని ప్రసిద్ధమైన ఈ ప్రక్రియకు మూలము సులభముగనే గ్రహింపవచ్చును. ప్రాసెసరులోని పనులన్నియు ఒక గడియారపు స్పందనల ననుసరించి జరుగును. సెకనుకు 450 కోట్ల స్పందనలు గలదానిని 4.5 గిగాహెర్ట్‌జుల ప్రాసెసరందుము. వానిని 500 కోట్లకు పెంచినచో పని నూటికి 11 వంతులు వేగిరపడును. అయితే స్పందనకు స్పందనకు నడిమి కాలము తగ్గినకొలది, ట్రాన్సిస్టరు తన స్థితిని మార్చుకొనుటకు లభించు వ్యవధియు తగ్గును. ఆ వ్యవధిలో మార్పు పూర్తికానిచో లెక్క తప్పును, లేదా యంత్రమే స్తంభించును. మార్పును త్వరితపరచుటకు వోల్టేజిని పెంచవలెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ట్రాన్సిస్టరులు మారుచుండగా వ్యయమగు సామర్థ్యము స్పందనల సంఖ్యకు అనులోమానుపాతమున నుండగా, వోల్టేజికి కాక వోల్టేజి వర్గమునకు అనులోమానుపాతమున నున్నది. 1.20 వోల్టులను 1.35 వోల్టులు చేసినచో వోల్టేజి పెరిగినది నూటికి 12.5 వంతులు, దాని వర్గము పెరిగినది నూటికి 26.5 వంతులు, దీనిని పెరిగిన వేగముతో గుణించినచో వేడిమి నూటికి 40 వంతులు అధికమైనట్లు తేలును. 11 వంతుల లాభమునకు 40 వంతుల వేడిమి! ఇంతటితో ముగియలేదు. మూసియున్న ట్రాన్సిస్టరుల గుండ కూడ కొంత విద్యుత్తు స్రవించుచునే యుండును. ఉష్ణోగ్రత పెరిగినకొలది ఆ స్రావము పెరుగును. స్రావము పెరిగినకొలది ఉష్ణోగ్రత పెరుగును. కావున చల్లదనము చాలని ప్రాసెసరు తన వేడిమిని తానే వృద్ధిచేసికొనుచుండును.

ఈ విద్య ఒకప్పుడు ఇంత వ్యయసాధ్యముగా లేదు. 1998లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలరాన్ 300ఎ అను చవుక ప్రాసెసరు చరిత్ర ఇందుకు సాక్ష్యము. దాని వేగము 66 మెగాహెర్ట్‌జుల బస్సును, అనగా బోర్డు అందించు మూలస్పందనను, నాలుగున్నర అను గుణకముతో హెచ్చింపగా వచ్చిన 300 మెగాహెర్ట్‌జులు. గుణకమును మార్చుటకు వీలు లేకపోయినను, బస్సును 100 మెగాహెర్ట్‌జులకు పెంచుటకు ఆనాటి మదర్‌బోర్డులు కొన్ని అవకాశమిచ్చెను. ఎబిట్ బిహెచ్6 వంటి బోర్డులపై జంపరులతో పనిలేకుండ బయాస్ తెరమీదనే ఆ మార్పు చేయనగుచుండెను. అంతట ఆ చవుక ప్రాసెసరు 450 మెగాహెర్ట్‌జుల వద్ద, తనకంటె ఎన్నో రెట్లు వెలగల పెంటియమ్ 2 సరసన నిలిచెను. అది వెలువరించిన వేడిమి కొలది పదుల వాట్లు మాత్రమే గనుక మంచి అల్యూమినియపు హీట్‌సింకును ఒక చిన్న ఫ్యానును అందుకు చాలియుండెను.

ఆ సుభిక్షమునకు కారణము వేరొకటి యుండెను. ట్రాన్సిస్టరులను చిన్నవి చేసినకొలది వోల్టేజిని గూడ తగ్గింపవచ్చుననియు, అందువలన నిర్ణీత వైశాల్యమున పుట్టు వేడిమి పెరుగకుండ నుండుననియు 1974లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెనార్డును ఆయన సహచరులును నిరూపించియుండిరి. మూడు దశాబ్దములు పరిశ్రమ ఆ నియమము నీడలోనే పెరిగెను. 2005 ప్రాంతమున, వోల్టేజిని ఇంకను తగ్గించినచో స్రావము అదుపు తప్పు దశ వచ్చినందున, ఆ నియమము సడలెను. 4 గిగాహెర్ట్‌జుల పెంటియమ్ 4ను తెచ్చెదమన్న సంకల్పమును ఇంటెల్ 2004 అక్టోబరులో విరమించుకొనెను. అటుపిమ్మట వేగమునకు హద్దు ట్రాన్సిస్టరు నేర్పు కాక, వేడిమిని తొలగించు నేర్పు అయినది.

నేటి ప్రాసెసరులందు ఈ సంగతి మరింత స్పష్టము. ఇంటెల్ వారి కోర్ ఐ9-13900కె అను ప్రాసెసరు మూలసామర్థ్యము 125 వాట్లు. వేగము పుంజుకొన్నపుడు దానికి నిర్మాతలే విధించిన పరిమితి 253 వాట్లు. 100 డిగ్రీల సెంటిగ్రేడు చేరినంతనే అది తన వేగమును తానే తగ్గించుకొనును. ఎ.ఎం.డి. వారి రైజెన్ 7000 తరగతి ప్రాసెసరులు 95 డిగ్రీల వరకు పోవుట దోషము కాదనియు, ఆ హద్దు వరకు వేగమును పెంచుకొనుటయే వాని స్వభావమనియు ఆ సంస్థయే ప్రకటించినది. నిర్మాత పూర్వము వెనుకకు దాచియుంచిన అవకాశమును నేడు తానే ముందుగా వాడివేయుచున్నాడన్నమాట. ఇట్టి ప్రాసెసరుకు ఎంత చల్లదనము నిచ్చితిమో అంత వేగము; బయాసులో అంకెలు మార్చుట తరువాతి మాట. వోల్టేజి హద్దు మీరిన ఫలితమునకు ఒక దృష్టాంతము కలదు. 13, 14 తరముల ఇంటెల్ ప్రాసెసరులు కొన్ని అధిక వోల్టేజికి లోనై క్రమముగా క్షీణించి తప్పులు చేయసాగినందున, 2024 ఆగస్టులో ఆ సంస్థ మైక్రోకోడును సవరించి వోల్టేజికి హద్దు విధింపవలసివచ్చినది. ఇది ఎవరును పట్టుబట్టి వేగము పెంచకయే జరిగిన క్షీణత. చేతితో వోల్టేజిని పెంచువాడు ఎంత జాగరూకుడై యుండవలెనో ఊహింపవచ్చును.

కంప్యూటరు కొనబోవువారు సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునందు గాని మరెచ్చటగాని వ్రాయించుకొను జాబితా ఎల్లప్పుడు ప్రాసెసరుతో ఆరంభమగును. పిదప మదర్‌బోర్డు, ర్యాము, గ్రాఫిక్స్ కార్డు వచ్చును. తుదకు మిగిలిన సొమ్ముతో ఒక కూలరు, ఒక కేబినెట్టు, ఒక ఎస్.ఎం.పి.ఎస్. తీసికొందురు. సామాన్యమైన యంత్రమునకు ఈ క్రమము హానికరము కాదు. వేగము పెంచదలచిన యంత్రమునకు మాత్రము ఈ జాబితాను తలక్రిందులుగా వ్రాయవలెనని నా దృఢాభిప్రాయము. వేడిమి లోపలినుండి వెలుపలికి పోవును గనుక, ఎంపిక వెలుపలినుండి లోపలికి రావలెను. మొదట గది, పిదప కేబినెట్టు, పిదప కూలరు, తరువాతనే ప్రాసెసరు. ఆ దారిలో మిక్కిలి ఇరుకైన చోటు ఏదియో అదియే యంత్రపు వేగమును శాసించును. తక్కిన భాగములపై వెచ్చించిన ధనము ఆ ఇరుకును వెడల్పు చేయజాలదు.

గది సంగతి చూతము. ఏ కూలరును, గాలితో నడుచునది గాని నీటితో నడుచునది గాని, గదిగాలికంటె చల్లగా దేనిని చేయలేదు. గదిగాలికిని ప్రాసెసరుకును గల ఉష్ణోగ్రతాభేదమును తగ్గించుట మాత్రమే దాని శక్తి. ఆ శక్తిని వాటుకు ఇన్ని డిగ్రీలని కొలుతురు. ఒక కూలరుకు వాటుకు 0.2 డిగ్రీల ఉష్ణనిరోధ మున్నదనుకొందము. 200 వాట్ల వేడిమి దాని గుండ పోవునపుడు దాని అడుగుభాగము గదికంటె 40 డిగ్రీలు హెచ్చుగా నుండును. యూరపులోని 20 డిగ్రీల గదిలో అది 60. మే మాసపు మధ్యాహ్నము రెంటచింతలలోనో రామగుండములోనో శీతలయంత్రము లేని 38 డిగ్రీల గదిలో అదియే 78. లోపలి సిలికాను ఇంకను ఇరువది డిగ్రీలో అంతకు మించియో హెచ్చుగా నుండును గనుక, మొదటిచోట సుఖముగా పనిచేయు ప్రాసెసరు రెండవచోట తన హద్దును తాకును. విదేశములలో చల్లని గదులందు కొలిచిన ఫలితములను చూచి ఇచ్చటి యంత్రమునకు కూలరును ఎంచుకొనువారు ఈ 18 డిగ్రీల భేదమును తప్పక కలుపుకొనవలెను. ఎయిర్ కండిషనరు ఉన్నయెడల ఈ బాధ తీరును గాని ఉచితముగా తీరదు. ఒకటిన్నర టన్నుల ఎ.సి. తొలగింపగల వేడిమి రమారమి 5.2 కిలోవాట్లు, 600 వాట్లు విడుచు కంప్యూటరు అందులో తొమ్మిదవ వంతును తానొక్కటియే మ్రింగును.

గదికంటె చల్లగా చేయు ఉపాయములు లేకపోలేదు. సున్నకు 196 డిగ్రీలు దిగువనుండు ద్రవ నైట్రోజనును, అంతకంటె శీతలమైన ద్రవ హీలియమును పోసి, 2022 సంవత్సరాంతమున 13900కె ప్రాసెసరును 9 గిగాహెర్ట్‌జులు దాటించిరి. అవి కొలది నిమిషముల ప్రయోగములు. ఇంటియందు నిత్యము నడుచు యంత్రమునకు ఫ్రిజ్జు వంటి యంత్రముతో చల్లబరచిన నీటిని పంపవలెనను కోరిక పుట్టినచో, తీరాంధ్రమున దానికి ఒక గట్టి ప్రతిబంధక మున్నది. 33 డిగ్రీల ఉష్ణోగ్రతయు నూటికి 70 వంతుల ఆర్ద్రతయు గల విశాఖపట్టణపు గాలికి మంచుబిందువు 27 డిగ్రీలకు చేరువ. అంతకంటె చల్లనైన ఏ లోహముపైనైనను నీటిచెమ్మ పట్టును. ఆ చెమ్మ ప్రాసెసరు సాకెట్టు చుట్టును చేరినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. కావున మన తీరప్రాంతములందు గదిగాలి ఉష్ణోగ్రతయే శీతలీకరణమునకు సహజమైన అడుగుహద్దని యెంచుట క్షేమకరము.

కేబినెట్టు విషయమున గాజుపలకల అందముకంటె ముందుభాగపు జల్లెడ ముఖ్యము. ముందునుండి చల్లగాలి వచ్చి, వెనుకనుండియు పైనుండియు వేడిగాలి పోవలెను. లోనికి తెచ్చు ఫ్యానుల బలము వెలికి పంపువానికంటె కొంచెము హెచ్చుగా నుండినచో, సందుసందుల నుండి దుమ్ము లోనికి పీల్చబడక, వడపోతగల ద్వారముల నుండియే గాలి ప్రవేశించును. మన యూళ్ల దుమ్ముకు ఈ ఏర్పాటు విలాసము కాదు, అవసరము. వడపోతను తరచు శుభ్రపరచనిచో నూతన కూలరు కొనినను ఫలితము రాదు.

ఇక కూలరు. మిట్టగా గోపురమువలె నిలుచు గాలికూలరులో పనిచేయుచున్న సూత్రము నాకు ఈ విషయమంతటిలోను మిక్కిలి మనోహరముగా తోచుచున్నది. దాని రాగిగొట్టములు ఘనములు కావు. వాని లోపల గాలిని తొలగించి, లోగోడలకు సూక్ష్మరంధ్రములు గల రాగిపొడిపూతను అమర్చి, కొలది నీటిని ఉంచి మూసివేసిరి. గాలి ఒత్తిడి లేనందున ఆ నీరు 100 డిగ్రీలకై వేచియుండక స్వల్పోష్ణమునకే ఆవిరియై, గొట్టపు చల్లని కొనకు పరువెత్తి, అచ్చట రేకులకు తన గుప్తోష్ణమును సమర్పించి, మరల నీరై, సూక్ష్మరంధ్రముల కేశాకర్షణచేత వెనుకకు వచ్చును. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 4.2 జూళ్లు చాలును. అదే గ్రామును ఆవిరిచేయుటకు రమారమి 2,400 జూళ్లు కావలెను. కావున 200 వాట్ల వేడిమిని మోసికొనిపోవుటకు సెకనుకు ఒక గ్రాములో పదవ వంతుకంటె తక్కువ నీరు ఆవిరియైనను చాలును. మోటారు లేదు, చలించు భాగము లేదు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలయందు జార్జి గ్రోవరు 1963లో దీనిని నిర్మించి, వ్యోమనౌకలకు పనికివచ్చునట్లు తీర్చిదిద్దెను; నేడది చాలవరకు లాప్‌టాపులందును కలదు. అయితే దీనికొక పరిమితి కలదు. వేడిమి మితిమీరినచో ఆవిరియగు వేగమునకు తగినట్లు నీరు తిరిగి రాజాలక, వేడికొన ఎండిపోవును. అప్పుడు ఆ గొట్టము ఉత్త రాగిరేకుతో సమానము. అందుచేతనే ఒక కూలరు ఎన్ని వాట్లకు ఉద్దేశింపబడినదో చూచి, మన యంత్రపు అంచనాకంటె కొంత హెచ్చుగా నుండునట్లు ఎంచుకొనవలెను.

లిక్విడ్ కూలరు అను పేరు వినినంతనే నీరే వేడిమిని హరించివేయునని భ్రమ కలుగును. నీరు వేడిమిని ఒకచోటినుండి మరొకచోటికి మోయును. తుదకు హరించునది రేడియేటరు రేకుల నడుమ వీచు గాలియే. నిమిషమునకు ఒక లీటరు నీరు ప్రవహించినచో 200 వాట్ల వేడిమి ఆ నీటిని మూడు డిగ్రీలు మాత్రమే వెచ్చబరచును. కావున ప్రాసెసరునొద్ద ఇరుకుచోట నుంచలేని విశాలమైన రేకులను కేబినెట్టు అంచుకు తరలించుటయే దీని ప్రయోజనము. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒక్కటి గల రేడియేటరు మంచి గాలికూలరుకంటె మేలు కాదు. 240 వద్ద సమానత్వమో స్వల్పాధిక్యమో కలుగును. 253 వాట్ల ప్రాసెసరును అదిమి నడుపదలచినవారికి 360 తగినది. నీటికి ఉష్ణధారణశక్తి అధికమగుటచే అది మెల్లగా వేడెక్కును. అయిదు నిమిషముల పరీక్షలో అద్భుతముగా కనబడిన చల్లదనము అరగంట గడచిన పిమ్మట సామాన్యమగుట ఇందువలననే.

రేడియేటరును ఎచ్చట అమర్చవలెనను ప్రశ్నకు ఏకాభిప్రాయము లేదు. ముందుభాగమున నుంచినచో దానికి చల్లగాలి లభించును, కాని ఆ గాలి వేడెక్కి లోనికి వచ్చి గ్రాఫిక్స్ కార్డును చుట్టుముట్టును. పైభాగమున నుంచినచో గ్రాఫిక్స్ కార్డు విడిచిన వేడిగాలియే దానికి దక్కును. 300 వాట్లకు మించిన గ్రాఫిక్స్ కార్డు గల యంత్రమున ప్రాసెసరుకంటె ఆ కార్డునకే ఊపిరాడుట ముఖ్యము గనుక, నేను పైభాగమునకే మొగ్గుచూపుదును. మరియొక కారణమును కలదు. మూసిన గొట్టముల గుండ సైతము కాలక్రమమున కొంత నీరు ఆవిరియై పోవును, దాని స్థానమున గాలిబుడగ చేరును. ఆ బుడగ మిక్కిలి ఎత్తైన చోటికి పోవును. ఆ చోటు పంపు అయినచో పంపు గాలిని త్రిప్పుచు పాడగును. రేడియేటరు పైన నుండినచో ఆ బుడగ దాని మూలలో నిరపాయముగా నిలుచును. స్వయముగా గొట్టములు కోసి నీటివలయమును నిర్మించుకొనువారు మరొక నియమమును మరువరాదు. రాగియు అల్యూమినియమును ఒకే నీటియందు కలసియుండినచో విద్యుద్రసాయనక్రియచే అల్యూమినియము తినివేయబడును. సిద్ధముగా వచ్చు మూసిన కూలరులలో ఆ రెండు లోహములును కలసియే యుండునుగాని, వాని ద్రవమున క్షయనిరోధకములు చేర్చి మూసియుందురు.

కూలరు అడుగునకును ప్రాసెసరు మూతకును నడుమ పూయు థర్మల్ పేస్టునకు జనులిచ్చు ప్రాధాన్యము దాని అర్హతకంటె హెచ్చు. రాగి ఉష్ణవాహకత 400 అనుకొన్నచో, గాలిది 0.026, ఎంత నునుపుచేసిన లోహములైనను కలసినచోట సూక్ష్మమైన గాలిసందులు మిగులును గనుక వానిని నింపుటయే పేస్టు చేయవలసిన పని. మంచి పేస్టుకును మరింత మంచి పేస్టుకును భేదము సాధారణముగా కొలది డిగ్రీలు. గాలియము మిశ్రమలోహపు ద్రవము దీనికంటె ఎంతో మెరుగైన వాహకమే. కాని అది విద్యుద్వాహకము, అల్యూమినియమును పెళుసుచేసి నాశనము చేయునది. అల్యూమినియపు అడుగుగల కూలరునకు దానిని పూయుట ఘోరమైన పొరపాటు.

మూతక్రింద జరుగు వ్యవహారము కొనువాని చేతిలో లేదు, కాని తెలిసియుండుట మంచిది. 2012 నాటి ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసరులలో ఇంటెల్ మూతకు సిలికానుకు నడుమ టంకమునకు బదులు పేస్టు వాడినందున, వేగము పెంచువారు కొందరు మూతనే ఊడదీయ సాహసించిరి; 2018లో 9900కె వచ్చునప్పటికి టంకము మరల వచ్చినది. ఎ.ఎం.డి. వారి 5800ఎక్స్3డి కథ ఇంకను ఆసక్తికరము. 2022 నాటి ఆ ప్రాసెసరులో అదనపు క్యాషె సిలికానును గణనభాగముపై పేర్చుటచే వేడిమి దాని గుండ పైకి రావలసివచ్చెను. వోల్టేజికిని హద్దు ఏర్పడెను. ఫలితముగా దాని గుణకమును బిగించివేసిరి. 2024లో వచ్చిన 9800ఎక్స్3డిలో అదే క్యాషెను గణనభాగము క్రిందికి మార్చిరి; వేడిమికి దారి తెరవబడినంతనే గుణకమునకు వేసిన బిగింపును తొలగించిరి. నేను చెప్పదలచిన సంగతి నంతటిని ఈ ఒక్క మార్పు చూపుచున్నది.

బిగింపు మాట వచ్చినది గనుక, ఏ ప్రాసెసరునైనను ఏ బోర్డుపైనైనను పెంచవచ్చునని తలపరాదు. 2011 నాటి శాండీ బ్రిడ్జ్ మొదలుకొని ఇంటెల్ ప్రాసెసరులలో పలు గడియారములు ఒకే మూలస్పందనకు ముడిపడినందున బస్సును పెంచు పాతపద్ధతి మూలబడినది. గుణకమును పెంచుటయే ప్రధానమార్గము. అది సామాన్యముగా పేరులో కె అక్షరము గల ప్రాసెసరులకే అనుమతింపబడినది. బోర్డుగూడ సామాన్యముగా జెడ్ శ్రేణిది కావలెను. ఎ.ఎం.డి. పక్షమున రైజెనులు చాలవరకు స్వేచ్ఛ గలవే, కాని ఎ620 చిప్‌సెట్టు బోర్డు ఆ స్వేచ్ఛను సాగనీయదు. బి, ఎక్స్ శ్రేణులలో ఎంచుకొనవలెను.

కూలరును బోర్డునకు బిగించు రంధ్రములు సాకెట్టును బట్టి మారును. ఎల్.జి.ఎ.1200 నందు చతురస్రపు భుజము 75 మిల్లీమీటర్లు, ఎల్.జి.ఎ.1700 నందు 78. అంతేకాక ప్రాసెసరు ఎత్తును కొంచెము తగ్గినది. పాత కూలరును క్రొత్త బోర్డునకు వాడదలచినవారు నిర్మాత యిచ్చు బిగింపుసామగ్రిని ప్రత్యేకముగా తెప్పించుకొనవలెను. బలవంతముగా బిగించినచో ఒత్తిడి చాలక ప్రాసెసరు ఒకవైపు వేడెక్కును. ఎ.ఎం.5 సాకెట్టు తన పూర్వగామి ఎ.ఎం.4 రంధ్రములనే నిలుపుకొన్నను, దాని వెనుకపలక ఊడదీయుటకు వీలులేనిది గనుక సొంత వెనుకపలకతో వచ్చు కూలరులు దానికి పనికిరావు.

కొలతలలో పొరపాటు చేయుట మిక్కిలి సులభము. నాక్టువా ఎన్‌హెచ్-డి15 అను ప్రసిద్ధమైన గాలికూలరు ఎత్తు 165 మిల్లీమీటర్లు, బరువు ఫ్యానులతో 1.32 కిలోలు. దాని ముందరి ఫ్యాను క్రింద ర్యామునకు మిగులు ఎత్తు 32 మిల్లీమీటర్లు మాత్రమే. రంగుదీపములు గల ర్యాములు 40 దాటుట సాధారణము. అప్పుడు ఫ్యానును పైకి జరుపవలెను. జరిపినచో మొత్తము ఎత్తు 165ను మించును. కేబినెట్టు తలుపు పడదు. ఒక దీపపు సోకునకై కేబినెట్టునే మార్చవలసివచ్చు నన్నమాట. యంత్రమును ఊరినుండి ఊరికి బస్సులోనో లారీలోనో పంపవలసియున్నచో ఇంతటి బరువును బోర్డునుండి విడదీసి పంపుట శ్రేయస్కరము.

మదర్‌బోర్డుపై ప్రాసెసరు ప్రక్కన వరుసగా నుండు వోల్టేజి నియంత్రకములను చూచువారు తక్కువ. వేగము పెంచునపుడు మొదట అలసిపోవునవి అవియే. ఎస్.ఎం.పి.ఎస్. నుండి వచ్చు 12 వోల్టులను అవి 1.3 వోల్టులకు దించవలెను. 200 వాట్లను 1.3 వోల్టుల వద్ద అందించుటకు 154 ఆంపియరుల ప్రవాహము కావలెను, ఇంటి ఎ.సి.కి పోవు ప్రవాహముతో పోల్చినచో ఇది పదునైదు ఇరువదిరెట్లు. నిరోధముచే కలుగు నష్టము ప్రవాహవర్గమును బట్టి పెరుగును గనుక, దారిలో ఒక ఓములో వెయ్యవ వంతు నిరోధమున్నను 24 వాట్లు అచ్చటనే వేడిమియై పోవును. చవుక బోర్డులలో నియంత్రకములు కొలదిగా నుండి, వానిపై లోహపు రేకును లేనందున, అవి కాగిపోయి ప్రాసెసరును నెమ్మదింపజేయును; కొనినవాడు కూలరును నిందించును. ఇందులో ఒక విపరీతము గలదు. గోపురపు కూలరు ఫ్యాను వీచు గాలి కొంత ఈ నియంత్రకములపైకి పోవుచుండును. దానిని తీసి లిక్విడ్ కూలరు పెట్టినచో ప్రాసెసరు చల్లబడును, నియంత్రకములు మాత్రము గాలి కరవై పూర్వముకంటె వేడెక్కును. లిక్విడ్ కూలరు పెట్టువారు వెనుకవైపు ఫ్యానును తప్పక ఉంచవలెను.

ఎస్.ఎం.పి.ఎస్. సంగతి సంగ్రహముగా చెప్పెదను. మొత్తము వాట్లను కూడి, దానికి మూడవ వంతైనను అదనముగా చేర్చి తీసికొనవలెను; ఏలయన నేటి గ్రాఫిక్స్ కార్డులు క్షణములో సూక్ష్మభాగముపాటు తమ సగటునకు రెట్టింపు శక్తిని లాగును. ఎ.టి.ఎక్స్. 3.0 ప్రమాణము 100 మైక్రోసెకన్లపాటు అట్టి రెట్టింపు భారమును ఓర్వవలెనని విధించుచున్నది. నాణ్యమైనవి 50 డిగ్రీల గాలియందు సైతము పూర్తిసామర్థ్యము నిచ్చును. మన వేసవికి ఆ అంకె చూచి కొనవలెను. 2022లో 450 వాట్ల ఆర్.టి.ఎక్స్. 4090 కార్డుల క్రొత్త కనెక్టరులు కొన్ని కరగిపోయినవి. పూర్తిగా లోనికి దిగకపోవుట ముఖ్యకారణముగా తేలినది. ఇరుకు కేబినెట్టులో తలుపు ఆ తీగను నొక్కకుండునంత వెడల్పుండవలెను. యు.పి.ఎస్. పెట్టెపై వ్రాసియుండు వి.ఎ. అంకె వాట్లు కాదు, 600 వి.ఎ. గలది సామాన్యముగా 360 వాట్లనే భరించును.

ర్యామును దాని ప్రొఫైలులో సూచించిన వేగమున నడుపుటయు ఒక విధమైన ఓవర్‌క్లాకింగే. 85 డిగ్రీలు దాటినచో జ్ఞాపకకణములలోని ఆవేశము త్వరగా కారిపోవును గనుక, ప్రమాణముల ప్రకారము దానిని రెట్టింపు తరచుగా పునరుద్ధరింపవలెను. డి.డి.ఆర్.5 పలకలపై వోల్టేజి నియంత్రకము గూడ చేరినందున వానికి గాలి సోకుట మునుపటికంటె అవసరమైనది.

అన్నియు అమర్చిన పిమ్మట పరీక్ష. యంత్రము తెరచుకొన్నది గనుక సరిగానున్నదనుకొనుట చెల్లదు. తప్పులు నిశ్శబ్దముగా జరిగి ఫైళ్లను చెరుపవచ్చును. ఇందుకు లోకమంతయు వాడు ప్రైమ్95 అను ప్రోగ్రాము నిజమునకు 1996లో జార్జి వోల్ట్‌మన్ మెర్సెన్ ప్రధానసంఖ్యల అన్వేషణకై వ్రాసినది. అది బ్రహ్మాండమైన సంఖ్యలను గుణించుచు, ఫలితము పూర్ణాంకమునకు ఎంత చేరువగా వచ్చినదో ప్రతిసారి సరిచూచుకొనును, భేదము 0.4ను మించినచో ప్రాసెసరు లెక్క తప్పినదని నిలిచిపోవును. శుద్ధగణితమునకై కల్పించిన ఈ స్వయంపరిశీలనమే ప్రాసెసరులకు ప్రపంచమందంతట గీటురాయి యైనది. గడియారమును ఒక్కొక్క మెట్టు పెంచుచు, వోల్టేజిని అవసరమైనంతమాత్రమే హెచ్చించుచు, ప్రతి మెట్టునందును అరగంటకు తక్కువ కాకుండ నడిపి, ప్రాసెసరు ఉష్ణోగ్రతతో పాటు నియంత్రకముల ఉష్ణోగ్రతను, గది ఉష్ణోగ్రతను గూడ కాగితముపై వ్రాసికొనవలెను. డిసెంబరు రాత్రి నిలకడగా నిలిచిన వేగము మే మధ్యాహ్నమునకు నిలువకపోవచ్చును. నేటి బోర్డులు పలు ప్రొఫైళ్లను బయాసులోనే దాచుకొనుటకు వీలిచ్చును గనుక, శీతకాలమున కనుగొన్న హద్దును ఒక పేరుతోను, దానికంటె 200 మెగాహెర్ట్‌జులు తగ్గించి ఎండకాలమున పరీక్షించిన దానిని మరొక పేరుతోను దాచి, మార్చి మాసము రాగానే రెండవదానికి మారుటయే మన ప్రాంతమున ఆచరణయోగ్యమైన పద్ధతి.